నలభై మగ్గాల చెవి

కూర్చోవడం కోసమే చేయించుకున్న ఆ కుర్చీలో కోగురే సదావో అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు.

నేల మీద ఎనిమిది చాపలు పట్టేంత గది. మధ్యలో ఒకే ఒక్క కుర్చీ. ఎదురుగా నడుమెత్తు స్పీకర్లు రెండు, వాటి నెత్తిన సన్న స్వరాలు పలికే ఇత్తడి కొమ్ములు చెరొకటి. రికార్డు మీద ముల్లు దించుతాడు, వచ్చి కూర్చుంటాడు, కళ్ళు మూసుకుంటాడు. వయొలిన్ అందుకుందో లేదో కళ్ళు తెరుస్తాడు. లేస్తాడు. ఎడమ స్పీకరు దగ్గర మోకాళ్ళ మీద వంగి, నేలకు అంటించిన కాగితపు పట్టీ మీద గీత చూసుకుని, మూడు మిల్లీమీటర్లు లోపలికి జరుపుతాడు. మళ్ళీ ముల్లు, మళ్ళీ కుర్చీ. ఈసారి కుడి స్పీకరు వంతు. పగలంతా ఇదే తంతు. డెబ్బై ఒకటో ఏట మోకాళ్ళు ఒప్పుకోకపోయినా ఆయన ఒప్పుకోడు.

ముల్లు దిగిన చప్పుడు వినపడగానే వంటింట్లోంచి భార్య ఫుసాయె గొంతు వస్తుంది.

"ఏమండీ, కొట్టుకెళ్ళొస్తా. టోఫూ అయిపోయింది."

"పొద్దునే తెచ్చావుగా!"

"అది మెత్తటిది. గట్టిది కావాలి."

నిన్న నువ్వులు అయిపోయాయి. మొన్న ఎదురింట్లో ఇవ్వాల్సిన గిన్నె గుర్తొచ్చింది. పాట మొదలైతే చాలు, ఆ ఇంట్లో ఏదో ఒకటి నిండుకుంటుంది. ఆవిడకి సంగీతం అంటదని సదావో ఎప్పుడో తీర్మానించేసుకున్నాడు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆయన ఇలా తీర్మానించుకున్నవి చాలానే ఉన్నాయి, అందులో సగం తప్పని ఇప్పటికీ తెలియదు.

ఆ కిర్యూ ఊళ్ళో పాతవాళ్ళని ఎవర్ని అడిగినా ఆయన్ని "చెవి సదా" అనే అంటారు. పదిహేనో ఏట బడికి నమస్కారం పెట్టి అసనుమా నేతమిల్లులో చేరాడు. రంపపు పళ్ళలాంటి కప్పు కింద నలభై మరమగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే చెవి పక్కన నోరు పెట్టి అరిచినా వినపడదు. నేసే ఆడవాళ్ళు పెదాల కదలిక చూసి అత్తగార్ల మీద చాడీలు చెప్పుకునేవాళ్ళు. సదావో రెండేళ్ళు నూనె డబ్బా పట్టుకుని పెద్ద మేస్త్రీ వెనకాల తిరిగాడు. మూడో ఏడు ఒకరోజు నడవా మధ్యలో ఆగిపోయి, "ఇరవై ఏడో మగ్గం. నాడెను తన్నే తోలు సాగింది" అన్నాడు. కుర్రకుంక కోతలు కోస్తున్నాడని మేస్త్రీ నవ్వాడు. వెళ్ళి చూస్తే, దారం మోసే నాడెను అటూ ఇటూ తన్నే ఆ తోలు నిజంగానే సాగి ఉంది. ఆరోజు నుంచి మేస్త్రీ ముందు నడవడం మానేసి సదావోనే ముందు నడిపించాడు.

అక్కడ నేసేవాళ్ళందరూ చెవుల్లో దూది కుక్కుకునేవాళ్ళు. సదావో ఒక్కరోజు కూడా కుక్కుకోలేదు. దూది పెట్టుకున్న మేస్త్రీ కళ్ళకి గంతలు కట్టుకున్న డ్రైవరుతో సమానమని ఆయన లెక్క. మిల్లు మూతపడే దాకా నలభై నాలుగేళ్ళు ఆ చప్పుడు మధ్య అలాగే తిరిగాడు.

ఫుసాయె పంతొమ్మిదో మగ్గం మీద నేసేది. ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి ఆమె ఎదురుగా నిలబడి, మగ్గం వైపు వేలు చూపించి, గట్టిగా ముక్కు చీదినట్టు నటించాడు. ఆమె ఒక చెవిలో దూది తీసి "ఏంటీ?" అంది. "దీనికి జలుబు చేసింది!" అని ఆయన అరిచాడు. ఆమెకి నవ్వాగలేదు. ఆ ఏడాది చివర్లో పెళ్ళయింది.

ఇక ఈ రికార్డుల పిచ్చికి మూలం మిల్లుకి ఎదురుగా ఉన్న కాఫీ కొట్టు. పంతొమ్మిదేళ్ళప్పుడు వాన పడుతుంటే లోపలికి దూరాడు. అక్కడ మాట్లాడకూడదు, వినాలి, అదీ యజమాని రూలు. గోడంత స్పీకర్లలోంచి ఒక వయొలిన్ మోగుతోంది. సదావోకి అప్పటిదాకా వినడమంటే తప్పు పట్టుకోవడమే. నలభై చప్పుళ్ళలో చెడిన చప్పుడు ఏదో పట్టుకోవడం. ఆ రోజు ఎంత వెతికినా తప్పు దొరకలేదు. ఒక్క కాఫీ పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నాడు, లేచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. అలాంటి గది ఒకటి తనకీ ఉండాలని ఆరోజే అనుకున్నాడు.

అనుకున్న నలభై ఏళ్ళకి గది వచ్చింది. చాపలెత్తి, నేల తవ్వించి, కాంక్రీటు పోయించి, దాని మీద మందపాటి చెక్క పరిపించాడు. కిటికీలకి రెండేసి తెరలు. గది వచ్చింది గానీ తప్పు వెతికే అలవాటు పోలేదు, అదీ చిక్కు.

ఆదివారం మిత్రులు అని ముగ్గురున్నారు. సదావో ఒకడు. ఉదోన్ నూడిల్స్ కొట్టు సెకిగుచి రెండోవాడు, సదావోతో కలిసి బడి ఎగ్గొట్టినవాడు. మూడో ఆయన హాగివారా మాస్టారు, బడికి పెద్దగా చేసి రిటైరైన మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ళు. వంతుల వారీగా ఒకరింటికి ఇద్దరు వెళ్ళి, ఆ ఇంటి ధ్వని విని వస్తారు. ఒకరింట్లో కూర్చుని వాళ్ళ ధ్వని బాలేదని చెప్పడం ఈ లోకంలో లేని పని. వెళ్ళేటప్పుడు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ ఒక్క మాట అంటారు. మళ్ళీ తన వంతు వచ్చేదాకా ఆ ఇంటాయన ఆ మాట మీదే బతుకుతాడు.

మొన్న ఏప్రిల్లో సదావో వంతు వచ్చింది. మాస్టారు బూటులో మడమ ఇరికించుకుంటూ, తల వంచి, చిరునవ్వుతో అన్నాడు.

"కోగురే గారూ, మీ ధ్వని... చాలా గెంకిగా ఉందండీ."

గెంకి అంటే హుషారు. ఆరోగ్యం. మంచి మాటే. సదావో వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. తలుపు మూశాక ఆ మాట చెవిలో పురుగులా తిరగడం మొదలెట్టింది. మాస్టారు సెకిగుచి ఇంట్లో "లోతుగా ఉంది" అన్నాడు. సెకిగుచిది లోతు, తనది హుషారా? రాత్రి అన్నం ముందు కూర్చుని చాప్‌స్టిక్స్ గాల్లో పట్టుకుని ఆగిపోయాడు.

"ఫుసాయె, ఎవరైనా నీతో 'మీది చాలా గెంకి' అంటే ఏమిటి అర్థం?"

ఆమె ముల్లంగి ఊరగాయ ముక్క కొరికి, నమిలి, మింగి అప్పుడు చెప్పింది.

"పక్కింటి ఉమెజావా గారి మనవడు బంతితో మన కిటికీ పగలగొట్టాడు చూడండి, అప్పుడు వాళ్ళమ్మతో నేనేమన్నాను?"

"ఏమన్నావ్?"

"'మీవాడు భలే గెంకి అండీ' అన్నాను."

సదావో గిన్నె కింద పెట్టేశాడు. అంటే తన ధ్వని కిటికీలు పగలగొట్టే రకం. మొరటు. గీరుకుపోయే ధ్వని. నలభై మగ్గాల్లో తోలు సాగిన సంగతి పట్టుకున్న వాడి గదిలో మొరటుతనం! ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, తర్వాత అయిదు నెలలూ కుదురు పట్టలేదు.

మర్నాటి నుంచి గది మీద పడ్డాడు. చప్పట్లు కొడుతూ గోడ గోడా తిరిగాడు. ఎక్కడ చప్పట్లు ట్రంగుమని తిరిగొస్తాయో అక్కడ బీరువాలోంచి శీతాకాలం పరుపు తెచ్చి వేలాడదీశాడు. పరుపు ఎక్కువై గది మూగబోయింది, తీసి సగానికి మడిచాడు. ప్లగ్గులు పీకి తిరగేసి పెట్టి, తేడా ఉందా అని విన్నాడు. ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. ఫ్రిజ్ ఆగినప్పుడు ఒకలా, ఆడినప్పుడు ఒకలా ఉందని ఫ్రిజ్ ఆపించాడు, ఫుసాయె కొన్న చేపలు వాసనేశాక మళ్ళీ పెట్టించాడు. జూన్‌లో పెరట్లో మీటరున్నర రాగి కడ్డీ సుత్తితో భూమిలోకి దిగ్గొట్టాడు, కరెంటులో మురికి ఏదన్నా ఉంటే మట్టిలోకి పోతుందని. ఉమెజావా గారు గోడ మీదనుంచి తల పెట్టి, "కోగురే గారు ఎంత గెంకిగా ఉన్నారో!" అంది. సుత్తి ఆయన చేతిలోంచి జారింది.

ఎంత చేసినా వయొలిన్ మీద ఎవరో తడిగుడ్డ కప్పినట్టే ఉంది. విల్లు తీగను ముట్టుకునే ఆ గరుకు, ఆ మెరుపు కనిపించడం లేదు. ఇంకా రావాలి, ఇంకా పైకి రావాలి. కొమ్ముల వెనక, సన్న స్వరాల్ని పెంచీ తగ్గించే చిన్న నాబ్ చెరొకటి ఉంది, సున్నా నుంచి పది దాకా అంకెలతో. కొన్నప్పుడు నాలుగు మీద ఉండేది. మేలో అయిదు చేశాడు. జులైలో ఆరున్నర. ఆగస్టు చివరికి ఎనిమిది. తిప్పిన ప్రతిసారీ రెండు రోజులు బాగున్నట్టు ఉండేది, మూడోరోజు మళ్ళీ తడిగుడ్డ వచ్చి కూర్చునేది. ఫుసాయె టోఫూకి వెళ్ళడం రోజుకి రెండుసార్లయింది.

ఈ మధ్య వస్తువులు కూడా ఒకటీ సరిగా తయారు చేయడం లేదని ఆయన ఫిర్యాదు. జులైలో జ్వరం వచ్చి థర్మామీటరు చంకలో పెట్టుకుంటే అది కూయలేదు, కూస్తుందని అరగంట కూర్చున్నాడు. "బ్యాటరీ చచ్చింది, పారెయ్" అన్నాడు. ఫుసాయె దాన్ని చేతిలో పట్టుకుని ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

ఆగస్టులో ఆయన చివరి బాణం తీశాడు. ఊళ్ళో వాళ్ళందరి కరెంటుతో కలిసి వచ్చే కరెంటు కాబట్టే ధ్వని మొరటుగా ఉంది. తన ఇంటికే ప్రత్యేకంగా ఒక స్తంభం, దాని మీద తన ఒక్కడి ట్రాన్స్‌ఫార్మరు. అలా వేయించుకున్న వాళ్ళు దేశంలో ఉన్నారు, పత్రికల్లో ఫొటోలు కూడా వస్తాయి, స్తంభం పక్కన పెళ్ళికొడుకుల్లా నిలబడి. స్తంభాల మనిషి వచ్చి పెరడు కొలిచాడు. అరచేయంత పెరడు. స్తంభానికి చోటు ఒక్కటే, పర్సిమన్ చెట్టు ఉన్న చోటు.

ఆ చెట్టు ఫుసాయెది. ఈ ఇంటికి కాపురానికి వచ్చిన ఏడాదే వేలెడు మొక్క నాటింది. వగరు కాయలు, పచ్చివి నోట పెట్టలేం. నవంబర్లో తొక్క తీసి, తాళ్ళకి గుచ్చి చూరు కింద వేలాడదీస్తే నెలకల్లా తేనెముద్దలవుతాయి. వీధిలో ఆ తాళ్ళు అందని ఇల్లు లేదు.

"చెట్టుదేముంది, మార్కెట్లో బోలెడు దొరుకుతాయి ఎండువి" అన్నాడు సదావో, మొహం పక్కకి పెట్టుకుని.

"దొరుకుతాయి" అంది ఫుసాయె. "మొగుళ్ళే దొరకరు, అందుకే ఊరుకుంటున్నా."

ఆ సాయంత్రం ఇద్దరి మధ్యా ఒప్పందం జరిగింది. సెప్టెంబరు మూడో ఆదివారం మళ్ళీ సదావో వంతు. మాస్టారు ఈసారి గెంకి అనకపోతే చెట్టు ఉంటుంది. అన్నాడంటే మాత్రం చెట్టు పోతుంది, స్తంభం లేస్తుంది. స్తంభాల మనిషి గుర్తు కోసం కాండానికి కట్టిన ఎర్ర తాడు అలాగే ఉంది. ఫుసాయె బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడల్లా దాన్ని చూస్తోంది.

ఆ ఆదివారానికి ముందు గురువారం, గదిలో వెనక గోడకున్న, పటం వేలాడే గూట్లో కొత్తగా ఒక పెట్టె కనిపించింది. మీద నీలం గుడ్డ కప్పి ఉంది. కొంచెం దోసకాయ వాసన.

"ఇదేంటి?"

"ఉమెజావా గారిచ్చారు" అంది ఫుసాయె, వాకిట్లోంచే. "చల్లటి చోట పెట్టమన్నారు. ఈ గది చల్లగా ఉంటుందని పెట్టాను. తీసెయ్యనా?"

ఆవిడ చేసే ఊరగాయల్లో ఇంకొకటి కాబోలనుకున్నాడు. మామూలుగా అయితే ఆ గదిలోకి అగ్గిపుల్ల కూడా రానివ్వడు. కానీ గూట్లో గుడ్డ ఉంటే వెనక గోడ నుంచి ప్రతిధ్వని కాస్త తగ్గుతుందేమోనని చప్పట్లు కొట్టి చూశాడు. తగ్గినట్టే అనిపించింది.

"ఉండనీ. ముట్టుకోకు" అన్నాడు.

"తీసెయ్యక్కర్లేదా?"

"ఉండనీ అంటున్నాగా!"

ఆమె ఇంకా కాసేపు అక్కడే నిలబడి, వెళ్ళిపోయింది. శనివారం మధ్యాహ్నం ఆయన అన్నీ ఆపేసి, తెరలు మూసి, కుర్చీలో కూర్చున్నాడు. ఏ చప్పుడూ లేదు. ఫ్రిజ్ లేదు, వీధి లేదు, కరెంటు రొద లేదు. అయిదు నెలల పాట్లకి ఫలితం. "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉంది!" అన్నాడు పైకే. మొదటిసారి నిజంగా అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాడు. వంటింట్లో కొళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

ఆదివారం రెండింటికి ఇద్దరూ వచ్చారు. మాస్టారు బేరిపళ్ళు తెచ్చాడు. సెకిగుచి తన కొట్టులో చేసిన వెడల్పు ఉదోన్ కాగితంలో చుట్టి ఫుసాయె చేతికిచ్చి, "మీవాడు ఇంకా బతకనిస్తున్నాడా మిమ్మల్ని?" అని అడిగాడు. కుర్చీ మాస్టారుకి ఇచ్చి సెకిగుచి నేల మీద దిండు వేసుకున్నాడు. సదావో స్పీకరు పక్కన నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

ఆయన ఒక పథకం వేసుకున్నాడు. రికార్డు పెట్టే ముందు తన నిశ్శబ్దం వాళ్ళకి రుచి చూపించాలి. అది విన్నాక మొరటు అనే మాట వాళ్ళ నోట రాదు. తెరలు మూశాడు. దీపం తగ్గించాడు. మెల్లగా ఇలా అన్నాడు.

"మాస్టారూ, ముందు ఒక్క నిమిషం... వినండి."

విన్నారు. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. సెకిగుచి తల ఓ పక్కకి వంచాడు. ఒక నిమిషం దాటింది, రెండయింది. మాస్టారు మొహంలో ఏదో మెత్తబడింది. అయిదు నెలలుగా సదావో ఆ మొహంలో చూడాలనుకున్నది అదే.

మాస్టారు కళ్ళు తెరిచి, కుర్చీలోంచే తల వంచాడు.

"కోగురే గారూ, నేను ఓడిపోయాను. సంగీతానికి ముందు ఇది వినిపించాలన్న ఆలోచన నాకు జన్మలో రాదు. ఎంత రసికులండీ మీరు! ఎన్ని ఉన్నాయి?"

సదావోకి అర్థం కాలేదు. ఎన్ని ఏమిటి?

"మూడు" అన్నాడు సెకిగుచి. "ఒకటి కాస్త వెనక నుంచి అందుకుంటోంది చూడండి, గొంతు సన్నంగా. మా అమ్మ పెంచేది సుజుముషి కీచురాళ్ళని. చిన్న గంట ఊపినట్టు రీన్ రీన్ అని... ఒరేయ్ సదా, నువ్వు మనిషివైపోయావురా! ఎక్కడ దాచావ్? ఆ గూట్లోనేనా?"

ఇద్దరూ గూటి వైపు చూశారు. సదావో కూడా చూశాడు. నీలం గుడ్డ. దోసకాయ వాసన. ఆయన చెవులు రిక్కించాడు, నలభై మగ్గాల్లో ఇరవై ఏడోదాన్ని పట్టుకున్న చెవులు. గది నిండా నిశ్శబ్దం తప్ప ఏమీ లేదు.

భయమేసింది. చిన్నప్పుడు జాతరలో వాళ్ళమ్మ చేయి జారిపోయినప్పుడు వేసిన భయం అది.

"మూడా?" అన్నాడు, తన గొంతు తనకే కొత్తగా. "మూడే. మూడే ఉన్నాయి."

వాకిలి దగ్గర టీ పళ్ళెంతో ఫుసాయె నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూడలేకపోయాడు.

తర్వాత రికార్డు పెట్టాడు. పెట్టక తప్పదు. ఈసారి వయొలిన్ని వినలేదు, మనుషుల్ని చూశాడు. విల్లు పైస్వరానికి ఎక్కినప్పుడల్లా మాస్టారు కనుబొమలు ముడుచుకుంటున్నాయి, వెంటనే మర్యాద వాటిని విప్పుతోంది. సెకిగుచి చెవి దురద పుట్టినట్టు అరచేయి అడ్డం పెట్టుకున్నాడు. ఏప్రిల్లో కూడా ఇలాగే పెట్టుకుని ఉంటాడు. అప్పుడు సదావో కళ్ళు మూసుకుని ఉన్నాడు. మొదటి వైపు అయిపోగానే సెకిగుచి కొట్టులో నీళ్ళు మరిగే వేళయిందన్నాడు.

గుమ్మంలో మాస్టారు బూట్లు తొడుక్కుని, ధ్వని సంగతి ఎత్తకుండా, "ఆ కీచురాళ్ళని మర్చిపోలేనండీ" అన్నాడు. గెంకి అనలేదు. ఒప్పందం ప్రకారం చెట్టు బతికింది. సదావో వంగి దణ్ణం పెట్టాడు గానీ తల ఎత్తడానికి ఎక్కువ సమయం పట్టింది.

లోపలికొచ్చి గూటి ముందు కూర్చుని గుడ్డ తీశాడు. గాజు పెట్టెలో కాస్త మట్టి, దోసకాయ ముక్క, వంకాయ ముక్క. మూడు నల్లటి కీచురాళ్ళు. రెక్కలు నిలువుగా ఎత్తి, వేగంగా వణికిస్తున్నాయి. పాడుతున్నాయని కళ్ళకి కనిపిస్తోంది. మొహం గాజుకి ఆనించాడు. కుడి చెవి పెట్టాడు, ఎడమ చెవి పెట్టాడు. రెక్కలు వణుకుతున్నాయి, అంతే.

వెనకాల ఫుసాయె వచ్చి కూర్చుంది.

"గురువారం నుంచీ పాడుతున్నాయా?" అని అడిగాడు తిరక్కుండా.

"మీరు తెరలేసి చీకటి చేస్తారుగా. పగలో రాత్రో తెలీక ఒకటే మోత."

"చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? మీరొచ్చి 'ఈ గోలేంటే, తీసి అవతల పారెయ్' అంటారని చూశా. గురువారం అన్లేదు. శుక్రవారం అన్లేదు. నిన్న కుర్చీలో కూర్చుని ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు." ఆమె గాజు పెట్టె వైపు చూసింది. "వంటింట్లోకెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చాను."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"కిందటేడు నుంచి అనుమానం. అన్నం కుక్కరు పాట పాడి పిలుస్తుంది కదా, మీరు లేచి రావడం మానేశారు. ముసలి బద్ధకం అనుకున్నా. తర్వాత థర్మామీటరు. అది కూస్తూనే ఉందండీ ఆరోజు. నేను వంటింట్లోంచి విన్నాను."

సదావోకి సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. గోడలు, పరుపులు, ఫ్రిజ్, రాగి కడ్డీ, చివరికి చెట్టు. అన్నిటి మీదా నేరం మోపాడు. చెడిన మగ్గం ఏదో పట్టుకోవడమే తన బతుకు, అదే పట్టుకోలేకపోయాడు.

"మరి నువ్వు టోఫూకి వెళ్ళేది..."

"చెవులు కోసుకుపోతుంటే ఏం చేయనండీ? సూదులు గుచ్చినట్టు ఉంటుంది. రోజూ మిల్లులోలా దూది పెట్టుకుని కూర్చుందామనుకున్నా. మీరు చూస్తే బాధపడతారని టోఫూ తెచ్చుకుంటున్నా. ఫ్రిజ్‌లో ఆరు ముద్దలున్నాయి ఇప్పుడు."

ఆయనకి నవ్వొచ్చింది, నవ్వబోతే ఇంకేదో వచ్చింది. అరచేత్తో మొహం తుడుచుకుని లేచాడు. కుర్చీ చూపించాడు.

"అందులో కూర్చో."

"నేనా? అది మీ కుర్చీ."

"కూర్చోమంటున్నాగా."

ఆమె కుర్చీ అంచున, రైల్లో సీటు దొరికిన కొత్త మనిషిలా కూర్చుంది. ఆయన అదే రికార్డు మీద ముల్లు దించి, స్పీకర్ల వెనక్కి వెళ్ళి ఇత్తడి కొమ్ముల నాబ్‌ల మీద వేళ్ళు పెట్టాడు. వయొలిన్ అందుకుంది.

"దీనికి ఏమైంది, చెప్పు" అన్నాడు.

ఫుసాయె కాసేపు విని, ముక్కు గట్టిగా చీదినట్టు నటించింది.

ఆయన ఎనిమిది నుంచి ఏడుకి తిప్పాడు. "ఇప్పుడు?" "ఇంకా." ఆరు. "ఇంకా తగ్గించండి." అయిదు. అప్పటికే ఆయనకి విల్లు గరుకు పోయింది. నాలుగు. తీగల మెరుపు పోయింది. తడిగుడ్డ మీద ఇంకో తడిగుడ్డ పడింది. వేళ్ళు తిప్పనని మొరాయించాయి. యాభై ఏళ్ళ కిందట వానలో కాఫీ కొట్టులో విన్నది, ఇంతకాలం వెతుక్కున్నది, తన చేత్తోనే ఆర్పేస్తున్నట్టుంది.

"ఇంకొక్క చుక్క" అంది ఫుసాయె.

మూడు. పై స్వరాల్లో ఇక ఆయనకి వయొలిన్ లేదు. ఎక్కడో దూరంగా ఎవరో వాయిస్తున్నారన్న తెలివిడి మాత్రం ఉంది. ఆయన స్పీకరు వెనక నుంచి తల బయటికి పెట్టి ఆమెని చూశాడు. ఫుసాయె కుర్చీ అంచు నుంచి వెనక్కి జరిగి, వీపు ఆనించి, కళ్ళు మూసుకుంది. భుజాలు కిందికి దిగాయి. మగ్గం బాగుచేసి వెళ్ళేటప్పుడు పంతొమ్మిదో నంబరు ముందు ఆ భుజాలు అలాగే దిగేవి, సరిపోయిందని అదే ఆయనకి గుర్తు.

ఆయన నాబ్‌ల మీద నుంచి చేతులు తీసేశాడు. మూడు అంకె మీద కాగితపు పట్టీ ముక్క అంటించి, కలంతో గీత గీశాడు. రేపు స్తంభాల మనిషికి ఫోన్ చేసి వద్దని చెప్పాలి. ఆ తర్వాత చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఆమెనీ తోడు రమ్మనాలి, డాక్టరు చెప్పింది ఆమె వింటుంది. ఇలా అనుకుంటూ నేల మీద సెకిగుచి వదిలిన దిండు మీద కూర్చున్నాడు. లేవలేదు.

మొదటి వైపు అయిపోయి ముల్లు తిరిగి వచ్చింది. ఫుసాయె కళ్ళు తెరిచింది. అలవాటుగా ఆయన ఆమె నోట టోఫూ మాట కోసం చూశాడు.

"ఏమండీ" అంది. "దీనికి రెండో వైపు కూడా ఉంటుందా?"